సామ అన్నం డబ్బాలో ఉప్పు

మేనత్త చేతి వంట ఒకనాడు తను పనిచేసే ల్యాబుకే పరీక్షకు వస్తుందని స్వర్ణ ఎప్పుడూ అనుకోలేదు.

స్వర్ణది అరకు లోయలో, కాఫీ తోటల కింద వాలులో ఉన్న చిన్న ఊరు. పసితనంలోనే తల్లి పోతే మేనత్త సోములమ్మ పెంచింది. ఆశ్రమ పాఠశాలలో వేసింది, సెలవులకు ఇంటికి తెచ్చుకుంది, మళ్లీ దిగబెట్టింది. ఆ పిల్ల విశాఖపట్నంలో హోమ్ సైన్స్ చదివి, అదే కాలేజీలో ఆహార పరీక్షల ల్యాబులో ఉద్యోగం సంపాదించుకుంది. ఏ పదార్థంలో మాంసకృత్తులు ఎంత, కొవ్వు ఎంత, పీచు ఎంత, ఉప్పు ఎంత అని తేల్చడం ఆమె పని. సోములమ్మ మాత్రం ఊళ్లో అడిగినవాళ్లకి "మా గుంట కూడుకి డాకటరు" అని చెప్పేది.

2007లో వరహాలరావు అనే ఆయన విశాఖలో సూపర్ మార్కెట్ తెరిచాడు. తండ్రి సాలూరులో కిరాణా కొట్టు నడిపిన మనిషి. కొడుక్కి కొత్త ఆలోచనలెక్కువ. కొట్టులో ఒక పక్కంతా అద్దాల ఫ్రిజ్ పెట్టించి, అందులో వండిన భోజనం డబ్బాల్లో సర్ది అమ్మాలనుకున్నాడు. ఆఫీసు నుంచి వెళ్తూ ఒకటి పట్టుకెళ్తే, ఇంట్లో మైక్రోవేవ్‌లో వేడిచేసుకుని తినేయవచ్చు. డబ్బా మీద 'ఆరోగ్యకరమైన భోజనం' అని వేయించడానికి కాలేజీ పేరు వాడుకోనిమ్మని భాను మేడంని అడిగాడు. ఆ ల్యాబుకి ఆమే పెద్ద. "పరీక్ష చెయ్యకుండా మా పేరు ఇవ్వం. డబ్బాలు పంపండి, చూస్తాం" అంది.

నాలుగు రకాలు వచ్చాయి. మూడు విశాఖ హోటళ్లవి: వెజిటబుల్ బిర్యానీ, చపాతీ కుర్మా, పెరుగన్నం. నాలుగోది అరకు నుంచి. సామ అన్నం, రాజ్మా కూర, మగ్గించిన గుమ్మడికాయ ముక్కలు. సోములమ్మ, ఆమెతో పాటు ఊరి ఆడవాళ్లు కొందరు కలిసి పెట్టుకున్న సంఘం వాళ్ల వంట అది. తెల్లవారగానే వండి, పాల కేంద్రం వాళ్ల శీతల గదిలో చల్లార్చి, ఐసు పెట్టెల్లో వ్యానెక్కిస్తే ఘాటీ దిగి మధ్యాహ్నానికి విశాఖ చేరేది.

డబ్బా మూత తీయగానే వేయించిన జీలకర్ర వాసనకు స్వర్ణకు ఇల్లు గుర్తొచ్చింది. మూత మళ్లీ పెట్టేసి భాను మేడం గదికి వెళ్లింది.

"మేడం, నాలుగోది మా అత్తవాళ్లది. నేను చేస్తే బాగోదు."

"చెప్పావు, మంచిది. దాని జోలికి నువ్వు రాకు, నేను చేస్తాను. మిగతా మూడూ నువ్వు చూడు" అంది భాను మేడం.

బిర్యానీలో నూనె తేలింది, కూరగాయలు పేరుకే ఉన్నాయి. కుర్మా ఫర్వాలేదు గాని చపాతీ అంతా మైదా. పెరుగన్నం ఒకరి కడుపు నింపేదిగా లేదు. స్వర్ణ ఉన్నదున్నట్టు చెప్పింది. పక్క బల్ల మీద భాను మేడం బ్యూరెట్ నుంచి చుక్కలు వదులుతూ, ఫ్లాస్కు కలుపుతూ, ఎందుకో చేసిన పరీక్షే మళ్లీ చేసింది.

"మీ అత్తవాళ్లది చాలా మంచి భోజనం. పీచు గాని మాంసకృత్తులు గాని మిగతావేవీ దీని దరిదాపుల్లో లేవు. కానీ స్వర్ణా, ఒక మనిషికి రోజంతటికీ చాలే ఉప్పులో ముప్పావు వంతు ఈ ఒక్క డబ్బాలో ఉంది. నాకే నమ్మకం కుదరక రెండోసారి చేశాను. ఇలా ఉంటే మన పేరు ఇవ్వలేను" అంది.

స్వర్ణకు అర్థం కాలేదు. అత్త ఇంట్లో కూరల్లో ఉప్పు ఎప్పుడూ తక్కువే. హాస్టల్లో చేరిన కొత్తలో అక్కడి సాంబారు ఉప్పగా ఉందని ఆమె తినలేకపోయేది.

వరహాలరావు అది విని తల గోక్కున్నాడు. "అదే అన్నింట్లోకీ రుచిగా ఉందండీ. ఉప్పు తగ్గిస్తే జనం చప్పగా ఉందని పారేస్తారు. దసరాకి ఫ్రిజ్ మొదలెట్టాలి. ఆరోగ్యం మాట పక్కనపెట్టి, ఉన్నదున్నట్టే అమ్ముకుంటాను లెండి."

"దసరా లోపల మార్చి తెస్తే చూస్తారా?" అని అడిగింది స్వర్ణ.

"చూస్తానమ్మా. నాకేం పట్టుదల లేదు, అమ్ముడవ్వాలంతే" అన్నాడు.

ఆ శనివారం స్వర్ణ అరకు మీదుగా వెళ్లే కిరండూల్ ప్యాసింజరు రైలెక్కింది. ఐసు పెట్టెలో అత్తవాళ్ల డబ్బాలు రెండు వెంట తెచ్చుకుంది. సొరంగాల చీకటి వచ్చినప్పుడల్లా ఈ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంది. చివరికి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పేసింది.

సోములమ్మ చేతిలో ఉన్న చేటను కింద పెట్టింది.

"నా సేతి కూడు తిని పెరిగినావు. ఇప్పుడు నీకు ఉప్పెక్కువైనాదేటి?"

"మనింట్లో కూడు కాదత్తా. డబ్బాలోదే. ఇంట్లో ఇంత ఉప్పు ఎప్పుడూ వెయ్యవు కదా. డబ్బాలో ఎందుకు అంతేశావు?"

"మనకోసం ఒండుకున్నదీ, ఒకలికి ఎట్టేదీ ఒకటేటి?" అంది సోములమ్మ. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువగా ఉంది. "నా సిన్నప్పుడు ఉప్పు కావాలంటే మా యమ్మ సింతపండు గంప నెత్తినెట్టుకుని సంతకెల్లేది. గంపెడు సింతపండిత్తే అడ్డాకు దొన్నెడు ఉప్పు కొలిసేవోడు సావుకారి. ఇంట్లో మాకు సిటికెడే. సుట్టాలొత్తే మట్టుకు కూర నిండా ఏసేది. అది మరియాద. పట్నమోలు మన కూడు డబ్బు పెట్టి కొనుక్కుంతన్నారు. ఆలకి సిటికెడేసి పంపితే ఏటనుకుంతారు?"

మాంసకృత్తుల సంగతి, రక్తపోటు సంగతి చెప్పడానికి స్వర్ణ దారంతా మాటలు కూర్చుకుంది. ఆ మాటలన్నీ ఇప్పుడు ఎందుకూ పనికిరానట్టు అనిపించాయి. వెళ్లి అత్త పక్కన అరుగు మీద కూర్చుంది.

సంఘంలో ఉన్న రత్నాలు అప్పుడే వచ్చింది. సోములమ్మ కంటే వయసులో చిన్నది, ఆమెకు చెల్లెలి వరస, మాట దాచుకోని మనిషి. విషయం విని, "అప్పా, అదొక్కటే కాదు గదా" అంది. "మొదటి రోజు నువ్వు సుట్టాలకేసినంతే ఏసినావు. పాల కేంద్రంలో డబ్బా తీసి సల్లది నోట్లో ఎట్టుకున్నాం, గడ్డి నమిలినట్టుంది. ఇంకాస్త ఏద్దామన్నాను. మళ్లీ సల్లదే తిన్నాం, ఇంకాస్త ఏసినాం."

"చల్లగానే తిని చూశారా?" అంది స్వర్ణ.

"సల్లగానే గదా అమ్ముతారు?"

"అమ్మేది చల్లగానే. తినేది వేడి చేసుకుని. చల్లటి దాంట్లో ఉప్పు నాలిక్కి అందదు. ఎంత వేసినా తక్కువైనట్టే ఉంటుంది."

మైక్రోవేవ్ ఆ ఊళ్లో ఎక్కడా లేదు. స్వర్ణ తను తెచ్చిన డబ్బా ఒకటి తీసి, అందులోది గిన్నెలో వేసి, మరుగుతున్న నీళ్ల మీద పెట్టి ఆవిరికి వేడిచేసింది. కబురెళ్లి సంఘంలో మిగతావాళ్లూ వచ్చారు. సోములమ్మ అందరికంటే ముందు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. మింగడానికి కొంచెం కష్టపడి, చెంబు కోసం చెయ్యి చాపింది.

"ఇదేటిది, ఉప్పుచేప నాకినట్టుంది" అంది.

రత్నాలు ముందుగా నవ్వింది. తరవాత సోములమ్మ కూడా నవ్వింది. "ఇదే సుట్టాలకెట్టుంటే మల్లీ మా గుమ్మం తొక్కుదురా" అంటూ మిగిలిన ముద్ద తీసి గిన్నెలో పడేసింది.

ఉప్పు తగ్గించడం తేలికే. తగ్గించాక రుచి నిలబెట్టడమే కష్టమైంది. ఆ సాయంత్రం నిమ్మరసం పిండి చూశారు. వేడిచేసేసరికి చేదెక్కింది. అల్లం ఎక్కువ వేస్తే రాజ్మా రుచి కనపడకుండా పోయింది. మర్నాడు పొద్దున్న సోములమ్మ వలిసెలు అనే నల్లటి నూనెగింజలు దోరగా వేయించి, ఎండుమిరపకాయలూ వెల్లుల్లీ కలిపి రోట్లో దంచింది. ఆ పొడి కొంచెం చింతపండు పులుసుతో రాజ్మా కూరలో కలిపితే ఉప్పు లోటు తెలియలేదు. డబ్బాని శీతల గదిలో చల్లార్చి, మళ్లీ ఆవిరికి వేడిచేసి అందరూ తిన్నారు. రత్నాలు రెండోసారి పెట్టించుకుంది.

"వలిసెల్లో మంచి కొవ్వూ మాంసకృత్తులూ ఉంటాయి అత్తా. లెక్క ఇంకా బాగుంటుంది" అంది స్వర్ణ.

"నాకా లెక్కలు తెలవ్వు. నోటికి బాగుంది. ఆ మిగతాది నువ్వు సూసుకో."

"నేను చూడకూడదు. మా మేడం చూడాలి."

"ఆవిడికీ బాగుంటాది" అంది సోములమ్మ.

భాను మేడం పరీక్షలో ఉప్పు సగానికి పైగా తగ్గింది. ఆమె కాలేజీ పేరు ఇవ్వడానికి ఒప్పుకుంది. వరహాలరావుకి మాత్రం అనుమానం తీరలేదు. అందుకని స్వర్ణ ఒక మాట చెప్పింది. దసరా ముందు ఆదివారం కొట్లోనే పాతదీ కొత్తదీ వేడిచేసి, వచ్చినవాళ్లకి రుచి చూపిద్దామంది. ఆయన సరేనన్నాడు.

వడ్డించడానికి సోములమ్మే కొండ దిగి వచ్చింది. నీలం అంచు చీర కట్టి, తల నున్నగా దువ్వుకుని, కొట్లో చల్లటి గాలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుని నిలబడింది. మొదట మొహమాటపడింది. ఒక పెద్దాయన తిని, "ఇందులో వేసిన పొడి ఏమిటమ్మా?" అని అడిగాక మాటలు వచ్చాయి. వలిసెల పొలం పూసినప్పుడు కొండ వాలు ఎలా పసుపు రంగుకి తిరుగుతుందో ఆయనకి చెయ్యి ఊపుతూ చెప్పింది. కొందరు పాతదే బాగుందన్నారు. ఒకావిడ రెండూ చప్పగా ఉన్నాయని ప్లేటు పెట్టేసి వెళ్లింది. ఎక్కువమంది కొత్తదే ఇంకొంచెం పెట్టమన్నారు. వరహాలరావు దూరంగా నిలబడి చూసి, చివర్లో తనూ ఒక ప్లేటు తీసుకున్నాడు.

"అమ్మా, ఇదే పంపండి. బిర్యానీ హోటలు వాళ్లకి కూడా నూనె తగ్గించమని చెప్తాను. మీరు తగ్గించగా లేనిది వాళ్లకేం?" అన్నాడు.

సోములమ్మ తల ఊపింది. బయటికి వచ్చాక మేనకోడలి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటింది. ట్రాఫిక్కు అంటే ఆమెకు భయం. అవతలి పక్కకు వెళ్లాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

ఫ్రిజ్‌లో అరకు డబ్బాలు రోజూ అన్నీ అయిపోలేదు, అలాగని ఎక్కువ మిగిలిపోనూ లేదు. చలికాలానికి సంఘంలో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేరారు. క్రిస్మస్ సెలవులకు స్వర్ణ ఇంటికి వెళ్లేసరికి పెరట్లో చోళ్లు, అంటే రాగులు, ఆరబోసి ఉన్నాయి. పొయ్యి మీద గిన్నెలో కొత్తది ఏదో ఉడుకుతోంది.

"చోడి పిండితో కుడుములు, లోన బెల్లమూ నువ్వులూ" అంది సోములమ్మ మూత తీసి చూపిస్తూ. "పిల్లలకి డబ్బాలో ఎడదామని. బెల్లం ఎంతెయ్యాలో బేగి సెప్పు. పంపినాక ఎక్కువైందంటే ఊరుకోను."

స్వర్ణ చేతులు కడుక్కుని వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. అత్త వేడి కుడుము ఒకటి ఆకులో పెట్టి ఇచ్చింది. బెల్లం కొంచెం ఎక్కువే ఉంది. ఆ మాట చెప్పి, ఇంకొకటి పెట్టమంది.