ఎలుక రేకులకు రెండో పూత

మా ఓడలో నేను వంటవాణ్ణి. డెక్కు పనులు చూసేది కెప్టెనుగారి బావమరిది. చూడ్డమంటే నిలబడి చూడ్డమే. అందరం ఎగతాళికి బావగారంటాం. ఆ మహానుభావుడు అది గౌరవమనుకుంటాడు.

రేవులో ఆగినప్పుడు గట్టుకు కట్టిన ప్రతి తాడుకీ ఒక గుండ్రటి రేకు తగిలిస్తాం. తాడు పట్టుకుని వచ్చే ఎలుక దాన్ని దాటలేక వెనక్కి పోతుంది. ఆ రేకు తాడు మీద ఉంటే చాలు, దానికి అందం చందం అక్కర్లేదు.

ఈసారి రేవులో ఆగిన మర్నాడే తనిఖీ. ఎలుకల్లేవని కాగితం చేతికొస్తే ఆ సాయంత్రమే మా దీవికి బయలుదేరతాం. అక్కడికి ఈ ఓడ తప్ప వేరే దారి లేదు. మా అమ్మాయికి తొలి కాన్పు. తల్లి లేని పిల్ల. "నువ్వు పక్కనుంటే నాకు భయం లేదు నాన్నా" అంది. చేతిలో గరిటె ఉందేగానీ నా ప్రాణమంతా అక్కడే ఉంది.

బయటికొచ్చి చూద్దునుగదా, బావగారు రేకులన్నీ ఊడదీయించి, గట్టు మీద పరిచి తెల్లరంగు వేయిస్తున్నాడు.

"తాళ్ళు బోసిగా ఉన్నాయి బావగారూ! ఎలుకలెక్కేస్తాయి."

"తుప్పు రేకులు చూస్తే ఇన్‌స్పెక్టరు ఏమనుకుంటాడు? నువ్వు కూర మాడకుండా చూసుకో."

"పోనీ, ఇవాళ సగం, రేపు సగం వేయించండి."

"రంగు తేడా వస్తుందయ్యా!"

ఆహా, ఏం బుర్ర! రంగు ఆరేసరికి తెల్లారింది. రేకులు తాళ్ళకెక్కాయి. అప్పటికే ఎలుకలు ఓడెక్కాయి.

ఇన్‌స్పెక్టరు రేకులు చూసి భేష్ అన్నాడు. బావగారు ఛాతీ విరిచాడు. తర్వాత సామాన్ల గదిలో పిండి బస్తా కదిపితే, ఒక ఎలుక ఇన్‌స్పెక్టరు బూటు మీదుగానే పరుగెత్తింది.

కాగితం లేదు పొమ్మన్నాడు. ఓడ మూసి విషపు పొగ పెట్టాలి, మళ్ళీ తనిఖీ అయ్యేదాకా కదలకూడదు. మమ్మల్నందర్నీ గట్టు మీదికి దింపేశారు. "నా రేకుల్ని మెచ్చుకున్నాడు బావా!" అని కెప్టెనుతో చెప్పుకుంటున్నాడు పెద్దమనిషి. సిగ్గూ శరం ఉంటేగా!

మర్నాడు అమ్మాయి ఫోను చేసింది. నొప్పులు మొదలయ్యాయట. ఫోను చెవి దగ్గరే ఉంది. పక్కన పరిచిన రేకుల మీద చెయ్యి ఆనించి కూర్చోబోయాను.

"ముట్టుకోకు! రెండో పూత, ఇంకా ఆరలేదు" అని కేకేశాడు బావగారు.

తాళ్ళ వైపు చూశాను. మళ్ళీ బోసిగా ఉన్నాయి.

"బయలుదేరావా నాన్నా?" అంది అమ్మాయి.