స్లాబు దిగిన పావుగంట

నలభై మూడేళ్ల వయసులో లక్ష్మీనారాయణ ఎలక్ట్రీషియన్ అవుతానని చెప్పినప్పుడు శావల్యాపురం చుట్టుపక్కల నవ్వనివాళ్లు లేరు. నవ్వరూ మరి? పన్నెండేళ్లపాటు తెల్లచొక్కా మడత నలగకుండా మండల నాయకుడి వెనకాల తిరిగిన మనిషి. సొంత మిరపచేనుకు నీళ్లు పెట్టడానికి కూడా కూలిమనిషిని పంపేవాడు. ఊళ్లోవాళ్లు అతన్ని ప్రెసిడెంటుగారూ అని పిలిచేవాళ్లు. అతను ఏనాడూ ప్రెసిడెంటు కాలేదు, అదీ ఎగతాళి.

కానీ అతనికో సరదా ఉండేది. బోరు మోటారు స్టార్టరు పాడైతే మెకానిక్కును పిలవకుండా తనే విప్పుకుని కూర్చునేవాడు. మోటారు మళ్లీ గుర్రుమని తిరిగినప్పుడు కలిగే సంతోషం పన్నెండేళ్ల సభల్లో ఒక్కసారీ కలగలేదు. సభల్లో పూలదండలు మోసుకొచ్చేది ఇతను, వేయించుకునేది నాయకుడు. సంతోషం ఎక్కణ్ణుంచి వస్తుంది? చివరికి ఒకరోజు తెల్లచొక్కాలన్నీ బీరువాలో పడేసి, నరసరావుపేటలో ముప్పై ఏళ్లుగా ఇళ్లకు వైరింగ్ చేస్తున్న ముర్తుజా దగ్గర పనికి చేరాడు. ఏడాదిన్నర అతని నిచ్చెన పట్టుకున్నాడు, పైపుల కోసం గోడలు కొట్టాడు, సుత్తి దెబ్బలకు వేళ్లు వాచిపోయినా కిక్కురుమనలేదు.

ఇక సొంతంగా చేసుకోమని పంపేటప్పుడు ముర్తుజా ఒక్కటే మాట చెప్పాడు.

“స్లాబు పోసేరోజు కాంక్రీటు అయిందాకా పైనుంచి దిగమాక. మీ మామ వచ్చినా సరే, దిగమాక.”

మొదటి పని ఇచ్చింది శేషారత్నం. వరసకు అత్త, మాట మహా పెళుసు. వీడికి ఇల్లు అప్పగిస్తావా అని అందరూ వద్దంటే, వాడు పదేళ్లప్పుడు మా రేడియో విప్పి మళ్లీ బిగించాడు, అది పలికింది, నాకంతే చాలు అందట. ఆ మాట విన్న రోజు లక్ష్మీనారాయణ కాళ్లు నేల మీద నిలవలేదు.

స్లాబు ముందురోజు సాయంత్రందాకా ఊచల మధ్య ప్లాస్టిక్ పైపులు పరిచి, అతుకులు అంటించి, తీగతో కట్టాడు. ఇల్లు పూర్తయ్యాక వైర్లన్నీ ఆ పైపుల్లోంచే లాగాలి. కాంక్రీటు పోసేటప్పుడు ఎవడి కాలైనా పడి అతుకు ఊడితే లోపల సిమెంటు దూరి బిగుసుకుపోతుంది, ఆ తర్వాత దేవుడు దిగొచ్చినా అందులోంచి వైరు పోదు. అందుకని తెల్లవారకముందే పైకెక్కి నిలబడ్డాడు. మైకు లేకుండా వెయ్యిమందికి వినిపించే గొంతు కదా, కాలు చూసుకోండయ్యా, పైపు చూసుకోండమ్మా అని ఒకటే కేకలు. స్లాబు పోస్తున్నామా, ఎన్నికల సభకు వచ్చామా అని కూలీలు పడీపడీ నవ్వారు.

పది గంటలకు వీధిలో నాయకుడి కారు ఆగింది. ఆయన పెద్దగా ఏమీ అనలేదు. అద్దం దించి, “ఏమయ్యా లక్ష్మీనారాయణా” అని చెయ్యి ఊపాడు, అంతే. పన్నెండేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? మనసు వద్దు వద్దంటూనే ఉంది, కాళ్లు మాత్రం నిచ్చెన దిగేశాయి. ఎవరు ఏ పార్టీలోకి పోతున్నారు, ఎవరికి ఏ పదవి వస్తుంది అని కారు పక్కన పావుగంట ముచ్చట నడిచింది. తిరిగి పైకెక్కేసరికి హాలు మీద కాంక్రీటు పోయడం అయిపోయి, మేస్త్రీ చదును చేస్తున్నాడు. పైపులకేమీ కాలేదుగా అని అడిగితే ఏమీ కాలేదన్నాడు మేస్త్రీ.

మూడు నెలలకు గోడలూ పూతలూ అయ్యాయి. గృహప్రవేశం తొమ్మిది రోజులుందనగా వైర్లు లాగడం మొదలుపెట్టాడు. ముందు పైపులోకి ఉక్కు స్ప్రింగు తోసి, అది అవతల తేలాక దానికి వైరు కట్టి లాగుతారు. పడగ్గదుల్లో, వంటగదిలో స్ప్రింగు జర్రున పోయింది. ఈల వేసుకుంటూ హాలు మధ్య ఫ్యాను పైపులోకి తోశాడు. నాలుగు మూరలు పోయి ఆగింది. అటువైపు నుంచి తోస్తే అక్కడా ఆగింది. అది సరిగ్గా ఆ పావుగంటలో కాంక్రీటు పోసిన చోటు.

తప్పించుకునే దారి లేకపోలేదు. కాంక్రీటు ముఠావాళ్లు తొక్కేశారంటే సరిపోతుంది. వాళ్లు ఎప్పుడో దాచేపల్లి పనికి వెళ్లిపోయారు, వచ్చి కాదనేవాడెవడు? ఎదురుగా లేనివాడి మీదికి నెట్టడం అతనికి ఒకరు నేర్పాలా? అన్నం దగ్గర కూర్చుని, శేషారత్నంతో ఏమనాలో భార్య సుభాషిణికి మొత్తం అప్పజెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, మజ్జిగ పోసి, “బాగుంది. మీటింగులో మాట్లాడినట్టే ఉంది” అంది. అతను ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

పొద్దున్నే శేషారత్నం ముందు నిలబడ్డాడు. ఈ పని పోతే ఇంకో పని రాదు, మళ్లీ ఆ తెల్లచొక్కా తొడుక్కోవలసిందే.

“అత్తా, హాల్లో ఫ్యాను పైపు పూడుకుపోయింది. నాయకుడొచ్చాడని నేను దిగిపోయా, అప్పుడు పోయింది. తప్పు నాదే. సీలింగు కొట్టాల.”

ఆవిడ తెల్లగా మెరుస్తున్న సీలింగు వంక చూసింది. అతని వంక చూసింది.

“ఎంతమేర?”

“మూరెడు. పూత కూడా నేనే వేయిస్తా.”

“కొట్టు మరి. చూస్తా ఉంటే అదే ఊడిపడద్దా ఏంది?”

రెండువైపులా స్ప్రింగు పోయినంత కొలిచి గీత గీసి, ఉలితో కొట్టడం మొదలుపెట్టాడు. కళ్లనిండా దుమ్ము. శేషారత్నం కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. మధ్యాహ్నానికి ఊడిన అతుకు బయటపడింది. ఆ ముక్క కోసేసి, కొత్త ముక్క అంటించి, ఆరాక స్ప్రింగు తోశాడు. అది సరసరా పోయి ఫ్యాను డబ్బాలోంచి తల బయటపెట్టింది. లక్ష్మీనారాయణ నిచ్చెన మీదే గట్టిగా నవ్వేశాడు. నవ్వుతుంటే కళ్లలో నీళ్లొచ్చాయి, దుమ్ము వల్లేనని అత్తకు చెప్పాడు.

గృహప్రవేశం రోజు పాలు పొంగాయి, ఫ్యాను తిరిగింది. దాచేపల్లి నుంచి వచ్చిన శేషారత్నం చెల్లెలు హైమావతి తల పైకెత్తి, సున్నం రంగు కలవని ఆ మూరెడు అతుకు చూసి, ఇదేంది అని అడిగింది. హాలంతా చుట్టాలు. స్విచ్‌బోర్డు దగ్గరున్న లక్ష్మీనారాయణ తల దించుకున్నాడు.

“మా అల్లుడు చేసిన తప్పు అది” అంది శేషారత్నం. “నాకు తెలియకముందే వచ్చి తనే చెప్పాడు. చెడగొట్టి నోరు మూసుకుని పోయినోళ్లను చానామందిని చూశా. మీ ఇంటి పని కూడా ఇతనికే ఇయ్యి.”

హైమావతి ఆ అతుకు వంక ఇంకోసారి చూసి, బుధవారం స్లాబు వేస్తున్నాం, వస్తావా అబ్బాయ్ అని అడిగింది. లక్ష్మీనారాయణ గబగబా తల ఊపాడు. పక్కనే ఉన్న సుభాషిణి చప్పున అందుకుని, “మంగళవారమే వస్తాడు పిన్నీ, పైపులు పరవాలిగా” అంది.