శుభ్రమైన శాంపిల్

నతానియేలు రొయ్య తిని ఏడాది దాటింది. ఈ మాట నాగాయలంకలో ఒక్కడూ నమ్మడు. అతనికి రొయ్యల చెరువులున్నాయి మరి. అలాంటివాడు రొయ్య ముట్టనంటే, బ్రాందీ షాపువాడు చుక్క ముట్టనన్నట్టే ఉంటుంది లోకానికి.

అసలు సంగతి కొలెస్ట్రాల్. అన్న శామ్యూల్ రాజ్ చెరువుకి మేత చల్లుతూ చల్లుతూ గుండె పట్టుకుని గట్టు మీదే కూలిపోయాడు. దినాలు కాగానే నతానియేలు భార్య ఆనందమ్మ అతన్ని బందరు తీసుకెళ్లి ప్రకాశరావు డాక్టరు గారి ముందు కూర్చోబెట్టింది. నతానియేలు తండ్రి ఆయాసం దగ్గర్నుంచి ఆ ఇంటి రోగాలన్నీ ఆయనకు తెలుసు. రక్తం పరీక్ష చేయించి, కొవ్వు బాగా పెరిగిందన్నారు. రోజూ రాత్రి ఒక మాత్ర. వేపుళ్లు, కొవ్వు మాంసం బంద్. మూడు నెలలకోసారి పరగడుపున వచ్చి రక్తం ఇవ్వాలి.

ఆ రోజుతో ఆనందమ్మ వంటింట్లో ప్రభుత్వం మారింది. డాక్టరు గారు వేపుడు వద్దంటే ఆవిడ రొయ్యల పులుసు కూడా తీసేసింది. కొబ్బరి పోయింది, గుడ్డులో పచ్చసొన పోయింది. క్రిస్మస్ నాడు ఇంటిల్లిపాదీ పలావు తింటుంటే మొగుడి ముందు ఆనపకాయ కూర పెట్టి, "ప్రభువంతటివాడే పశువుల పాకలో సర్దుకున్నాడు, తిను" అంది.

తిన్నాడు. మాత్రా వేసుకున్నాడు. రాత్రిళ్లు చెరువు కాపలాకి పోతాడు గనక మాత్రల అట్ట చొక్కా జేబులోనే ఉండేది. ఇంత చేసినా పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ కొవ్వు ఉన్నచోటనే ఉంది. డాక్టరు గారు కాగితం చూసి పెదవి విరిచి డోసు పెంచేవారు.

ఆనందమ్మ తిరుగు బస్సులోనే మొదలెట్టేది. మేనమామ కూతురు కాబట్టి పెళ్లికి ముందు పిలుపే ఇప్పటికీ.

"ఎక్కడ తింటున్నావు బావా?"

"ఎక్కడా తినట్లేదు."

"మరి ఆ కొవ్వు గాలికొచ్చిందా? చెరువు కాడ వేపించుకు తింటున్నావు. బైబిలు మీద చెయ్యేసి చెప్పు."

"ఒట్టు పెట్టుకోవద్దని అందులోనే రాసుంది."

అనకుండా ఉండాల్సింది. తప్పు చెయ్యనివాడికి వాక్యం అంత తొందరగా గుర్తు రాదని ఆవిడ నమ్మకం. ఆ వారమే స్త్రీల సమాజంలో ప్రార్థన మనవి పెట్టింది: మా ఆయనకి తిండి మీద ఆశ చావాలి, అబద్ధాలు మానాలి. తెల్లారేసరికి ఊరికి తెలిసింది. గట్టు మీద ఎదురైన ప్రతి వెధవా ఒకటే పలకరింపు.

"ఏం బావా, ఇవాళ వేపుడా, ఇగురా?"

పాతికేళ్ల కాపురంలో నతానియేలు చేసిన తప్పులన్నీ ఆనందమ్మకు తెలుసు. అన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఒప్పుకున్నాడు. చెయ్యని తప్పు ఎలా ఒప్పుకోవాలో మాత్రం అతనికి తెలియలేదు.

పోయినసారి డాక్టరు గారు, "ఈసారీ దిగకపోతే విజయవాడ పంపిస్తాను, గుండె రక్తనాళాలు చూడాలి" అన్నారు. గుమ్మం దిగాక ఆనందమ్మ, "ఈసారీ దిగకపోతే గుడివాడ మా అన్నయ్యింటికి పోతాను. మీ అన్న చావు చూశా, నీది చూడను" అంది.

ఈసారీ దిగలేదు.

డాక్టరు గారు కాగితం పక్కన పెట్టారు. ఆనందమ్మ ఎవరివైపూ చూడకుండా చేతిసంచీ సర్దుకుంటోంది.

"మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నానండీ."

"నిన్న రాత్రి?"

నతానియేలుకి కోపం వచ్చింది. "నిన్న ఎట్టా వేసుకుంటానండీ, పొద్దున్నే రక్తం ఇవ్వాలిగా? నెల ముందే ఆపేశాను. ప్రతిసారీ అంతే. శాంపిల్ శుభ్రంగా ఇస్తున్నా."

"ఆపమని ఎవరు చెప్పారు?"

"ఒకళ్లు చెప్పేదేముందండీ! రొయ్య పట్టడానికి నెల ముందే చెరువుకి మందులన్నీ ఆపేస్తాం. ఎగుమతి కంపెనీవాళ్లు శాంపిల్ తీస్తారు. మందు ఆనవాలు దొరికిందా, సరుకంతా తిప్పికొడతారు. మీరేమో పరగడుపున రమ్మన్నారు. అన్నమే ఉండకూడదంటే మందుండొచ్చాండీ?"

డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది.

"నతానియేలూ, నిన్నెవరూ కంటైనర్లో ఎక్కించట్లేదయ్యా. మందున్న రక్తమే నాక్కావాలి. అది పనిచేస్తుందో లేదో చూడ్డానికేగా పరీక్ష! నువ్వు ఆపగానే కొవ్వు మళ్లీ మొదటికొస్తుంది. పనిచెయ్యట్లేదనుకుని నేను డోసు పెంచుకుంటూ పోయాను." గోడవైపు తిరిగి, "నేనూ అడగాల్సింది" అన్నారు.

డోసు మళ్లీ మొదటికి దించి, పరీక్ష రోజున కూడా ఆపొద్దని రెండుసార్లు చెప్పించుకున్నారు.

బస్సు అవనిగడ్డ దాటాక ఆనందమ్మ మొదలెట్టింది.

"మందు ఆపుతున్నానని నాతో ఒక్క మాట అనకూడదా?"

"నువ్వు అడిగింది ఎక్కడ తింటున్నావని. మందు సంగతి అడిగావా?"

గుడివాడ మాట ఆవిడ ఎత్తలేదు. అతనూ గుర్తు చెయ్యలేదు.

మూడు నెలలు ఒక్క పూట తప్పకుండా వేసుకుని మళ్లీ రక్తం ఇచ్చాడు. కొవ్వు దిగింది. విజయవాడ అక్కర్లేదన్నారు డాక్టరు గారు. ఈ మాత్రే జీవితాంతం వేసుకోవాలన్నారు.

ఆనందమ్మ మొగుడివైపు చూసింది. "అయితే నువ్వు నిజంగానే ఏమీ తినలేదన్నమాట."

"చెబుతూనే ఉన్నాగా."

ఆవిడ ముక్కు చీదుకుంది. ఇదే అదననుకున్నాడు నతానియేలు.

"మరి పులుసులో నాలుగు రొయ్యలు వేసుకోవచ్చాండీ?"

"ఎప్పుడైనా వేసుకో. నేను వద్దన్నది వేపుడేగా" అన్నారు డాక్టరు గారు.

"ఎందుకులెండి" అంది ఆనందమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఏడాది పైన తినకుండా ఉన్నాడంటే, ఉండగలడనేగా. ఆయన మాట నేనే నమ్మలేదు గానీ, ఆయనకేం ఇబ్బంది లేదండీ."

డాక్టరు గారు నతానియేలు వంక చూశారు. అతను ఆనందమ్మ చేతిసంచీ అందుకుని లేచాడు. ఇన్నాళ్లకి తన మాట నమ్మింది కదా.