కుట్టిన దరఖాస్తు

మా చెల్లెలూ, ఆమె ఆడపడుచూ కలిసి పుస్తకాలకు బైండింగు చేసే దుకాణం పెట్టి పంతొమ్మిది సంవత్సరాలైంది. ముందు గదిలో అట్టలు కోసే బల్ల, వెనుక గదిలో ఇనుప ప్రెస్సు, ఆ రెంటి మధ్యా పొద్దస్తమానం వదినా మరదళ్ళ వాదన. కుట్టుపని చెల్లెలిది, అట్టమీద బంగారు అక్షరాలు దిద్దే పని మరదలిది. ఒకరి పనికి మరొకరు వంక పెట్టని రోజు లేదు. ఒకరు రాకుండా మరొకరు దుకాణం తెరిచిన రోజూ లేదు.

అటువంటి దుకాణానికి గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. శిథిలమవుతున్న నాలుగు వేల పాత సంపుటాలకు మళ్ళీ బైండింగు చేయించదలచారట. అయితే ఆ పనిని రిజిస్టరైన కంపెనీకి మాత్రమే ఇస్తారట. ధ్రువపత్రాన్ని నెలాఖరు సాయంత్రం ఆరు గంటలలోగా చూపాలట. ఆఫీసు రిజిస్టర్లకు అట్టలు వేసి వేసి విసిగిపోయిన మా చెల్లెలు ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. నూరేళ్ళనాటి పుస్తకం మీద చెయ్యి వేసే అవకాశం మళ్ళీ రాదని ఆమెకు తెలుసు.

పరిమిత బాధ్యత గల కంపెనీ అంటే ఏమిటో వివరించే బాధ్యత నామీద పడింది. చట్టం దృష్టిలో కంపెనీ వేరు, మీరిద్దరూ వేరు. వ్యాపారం దెబ్బతిన్నా ఇంటి జోలికి ఎవరూ రారు అని గంటసేపు విశదీకరించాను.

“అంటే బావగారూ, మేం మునిగినా ఇల్లు తేలుతుందన్నమాట,” అంది మరదలు.

నా గంట ప్రసంగం కంటే ఆ మాటే స్పష్టంగా ఉన్నదని అంగీకరించక తప్పలేదు.

కంపెనీ నిబంధనావళిని నేనే స్వయంగా రాశాను. ముప్ఫై రెండు కాగితాలు. ఒక్క కామా కూడా దారి తప్పలేదు. ఇద్దరూ డైరెక్టర్లుగా సంతకాలు చేసి, కాగితాలను వరసలో పెట్టి తెస్తామని పట్టుకుపోయారు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం రెండున్నరకు రిజిస్ట్రేషను కార్యాలయంలో కలుసుకున్నాం. నాలుగు గంటలలోపు కాగితాలు అందితే ధ్రువపత్రం అదే రోజు ఇస్తారు. మా చెల్లెలు సంచిలోనుంచి గుడ్డ మూట తీసి విప్పింది. ముదురు ఎరుపు కాలికో గుడ్డ అంటించిన అట్ట, గుండ్రని వెన్ను, పట్టు రిబ్బను, అట్టమీద కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో. నిబంధనావళిని పుస్తకం చేసి తెచ్చారు.

గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ముచ్చటపడి, ఆ తరువాత మెల్లగా వెనక్కి తోశాడు. మూల ప్రతి విడి కాగితాలుగా ఉండాలి, ఒక్కొక్కటే యంత్రంలోకి వెళ్ళాలి, నకళ్ళు చెల్లవు. అటువంటి నియమం ఎక్కడున్నదో చూపమని నేను నిలదీశాను. అతడు చూపించాడు. అది నేను చదివిన నియమమే. వీళ్ళకు ఇంత చిన్న సంగతి వేరే చెప్పాలా అని అప్పుడు ఊరుకున్నాను.

నా తప్పు నేను ఒప్పుకునేలోగా మరదలు కౌంటరు మీది కత్తెర అందుకుంది. చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుంది. చిరిగిన పుస్తకాలను విప్పడం చెల్లెలికి నిత్యకృత్యమే. దిట్టంగా ఉన్న పుస్తకం మీద మాత్రం ఆ చేత్తో ఇంతవరకూ కత్తి పెట్టలేదు. ఆమె అట్టను నిమురుతూ నిలబడింది. గోడ గడియారం మూడు దాటింది.

“వదినా, ఇది పుస్తకమా, అర్జీనా?” అంది మరదలు.

“కుట్టు వేసినప్పుడు పుస్తకమే అనుకున్నాను.”

“ఆ గ్రంథాలయంలో నాలుగు వేల సంపుటాలు ఊడి వేలాడుతున్నాయి. వాటికి నువ్వు కావాలి. దీనికి నువ్వు అక్కర్లేదు.”

చెల్లెలు అట్ట మీది చెయ్యి తీసింది. గుమాస్తాను వేడినీళ్ళూ, ఒక గుడ్డా అడిగింది. తడిపి పిండిన గుడ్డను వెన్నుకు చుట్టి, జిగురు మెత్తబడేదాకా ఆగి, సంచిలోని సన్నని కత్తితో కుట్లు ఒక్కొక్కటే తెంపింది. వరసలో నిలబడ్డవాళ్ళు తమ పనులు మరచి చుట్టూ మూగారు. ఒక్క కాగితమైనా చిరగకుండా ఊడి వస్తుంటే, ఇంత గట్టిగా కుట్టమని నీకెవరు చెప్పారని మరదలు సాధిస్తూనే, తడి అంచులను దస్త్రం అట్టతో విసిరి ఆరబెట్టింది. నన్ను పుటల సంఖ్యలు చదవమన్నారు, చదివాను. ముప్ఫై రెండో కాగితం యంత్రంలోకి వెళ్ళేసరికి నాలుగుకు ఇంకా ఆరు నిమిషాలున్నాయి. వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. గుమాస్తా లేచి నిలబడి మరీ ధ్రువపత్రం అందించాడు.

ఐదున్నరకు గ్రంథాలయంలో ఉన్నాం. గ్రంథపాలకురాలు ధ్రువపత్రం పరిశీలించి, పుస్తకాల గది తలుపు తెరిచి, మొదటి విడత నలభై సంపుటాలు అప్పగించినట్టు రసీదు ముందుకు జరిపింది. చెల్లెలు అలవాటుగా తన పేరు రాయబోయి ఆగింది. కలం సరిచేసుకుని కంపెనీ పేరు చివరి మాట దాకా పూర్తిగా రాసి, కింద తన సంతకం చేసి, పక్కన డైరెక్టరు అని చేర్చింది.

“ఇంకొంచెం జరుగు. నాకూ చోటుంచు,” అంది మరదలు, కలం లాక్కుంటూ.