ఉప్పల్ రింగురోడ్డు మీద ఆఖరి సీను

"పొయ్యికాడ ఒక్కతే నవ్వుతది నీ పెండ్లాం. జర దవాఖానల సూపియ్యరాదుర" అని అత్తగారు కొడుకుతో అన్నప్పుడు హైమావతి చింతపండు పిసుకుతోంది. సర్కారు ఆఫీసులో గుమాస్తా అయిన ఉమామహేశ్వర్ పేపర్లోంచి తల ఎత్తకుండానే "నవ్వనియ్యవే అమ్మా, ఏడుస్తలేదు గద" అన్నాడు. ఆ మాటకూ ఆమెకు నవ్వే వచ్చింది. దాన్ని పులుసులోకి వంచి, మూత పెట్టేసింది.

ఆ నవ్వుకు కారణం ఒక దొంగ. ఆ దొంగ ఎక్కడా లేడు, హైమావతి తలలోనే పుట్టాడు. ఉప్పల్‌లో నల్లా నీళ్ళు వచ్చే వేళకు ఒక ఇంట్లో దూరతాడు. ఇల్లాలు నిద్రమత్తులో వాణ్ని మొగుడనుకుని చేతికి బిందె ఇస్తుంది. వాడు పారిపోదామంటే ఇంకో బిందె, దాని తర్వాత డ్రమ్ము. తెల్లారేసరికి వాడు బస్తీ మొత్తానికీ నీళ్ళు పట్టి, నడుం పట్టేసి, పోలీసు వచ్చి పట్టుకుపోతుంటే దండం పెడతాడు. ఇదంతా ఆమె పప్పు ఉడికేలోపు కట్టిన కథ. కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. గరిటె పట్టుకుని నిలబడితే మాత్రం ఆ ఇంట్లో ఆమెను కదిపేవాళ్ళు లేరు. అందుకే ఆమె నాటకాలన్నీ పొయ్యి ముందే పుట్టాయి. మాటలు పెదవుల మీద ఆడించుకుని, గట్టివి ఉంచి తాలువి ఏరేసి, అందరూ తిని లేచాక రాసుకునేది.

ఆఫీసు వార్షికోత్సవానికి నాటకం కావలసి వస్తే ఉమామహేశ్వర్‌కు ఆ దొంగ గుర్తొచ్చాడు. చదివి, గడ్డం గోక్కుని, "బాగుంది గని, ఆ పెండ్లాన్ని జర గయ్యాళిని జెయ్యి. మా ఆఫీసోళ్ళు మస్తు నవ్వుతరు" అన్నాడు. ఆమె చేసింది. నిద్రమత్తు ఇల్లాలు కాస్తా చీపురు తిరగేసే రాకాసి అయింది. ఆ నాటకం ఆడిన రోజు ముందు వరుసలో పెద్దాఫీసరుకు నవ్వీ నవ్వీ కట్టుడు పళ్ళు ఊడి పడ్డాయనీ, వాటికోసం నాటకం ఆపి లైట్లు వేశారనీ ఉప్పల్‌లో ఇప్పటికీ చెబుతారు. కింద పడ్డాక కూడా ఆ పళ్ళు నవ్వుతూనే ఉన్నాయనే వాళ్ళున్నారు. అంత నమ్మక్కర్లేదు, సగం నమ్మితే చాలు. కరపత్రం మీద మాత్రం 'రచన: ఉమామహేశ్వర్ దంపతులు' అని పడింది. అందులో తన వాటా ఏ అక్షరం దగ్గర మొదలవుతుందో హైమావతి చాలాసేపు వెతుక్కుంది.

ఆ నాటకం చూసినవాళ్ళలో విజయభాస్కర్ అనే కో-డైరెక్టర్ ఉన్నాడు. కోస్తా నుంచి వచ్చి నాచారం స్టూడియో చుట్టుపక్కల స్థిరపడిన మనిషి. చెడ్డవాడు కాడు. ఇంటికొచ్చి, ఇచ్చిన టీ తాగి, "అమ్మా, మా సినిమాకి కామెడీ ట్రాక్ రాయాలండీ. కథతో మీకు పనిలేదు. అక్కడక్కడా కాసేపు జనాన్ని నవ్వించాలంతే" అన్నాడు. హీరో ఇంట్లో ఒక పనిమనిషి ఉంటుందట. "ఆవిడకి మీ యాస పెట్టండి, మస్తు ఉంటది" అన్నాడు. ఆ 'మస్తు' ఆయన నోట్లో కొత్త చెప్పుల్లా కరిచింది.

హైమావతి రాసింది. పొద్దున్నే రెండు కూరలు వండి, అత్తగారి మాత్రలు గిన్నె పక్కన పెట్టి, కూతురు స్నిగ్ధకు జడలేసి బడి ఆటో ఎక్కించి, ఉప్పల్ నుంచి నాచారం బస్సెక్కేది. స్టూడియోలో చదివి వినిపించాలి. డైరెక్టరు నవ్వకపోయినా ఫరవాలేదు, లైట్లు మోసేవాళ్ళు నవ్వాలి. ఆమె చదువుతుంటే వాళ్ళు లైట్లు దించి కూర్చునేవాళ్ళు. ఒకసారి ఆ నవ్వులకు రేకుల కప్పు మీది పావురాలన్నీ లేచిపోయి, ఘట్‌కేసర్ దాకా వెళ్ళి గానీ వాలలేదట.

ఆ పనిమనిషి చేతిలోంచి గిన్నె జారుతుంది. "నేనేం జేసిన సారూ, గిన్నెనే జారింది" అంటుంది. హాస్యనటుడు స్టీలు పళ్ళెంతో ఆమె నెత్తిన ఠంగుమని మోదుతాడు. సినిమా అంతా ఇదే. గిన్నె జారటం, మాట, పళ్ళెం. సినిమా పోయింది గానీ మాట నిలిచింది. బస్సులో చిల్లర లేదన్నవాడు, పరీక్ష తప్పినవాడు, క్యాచ్ వదిలేసినవాడు, అందరూ "నేనేం జేసిన సారూ" అనేవాళ్ళే. ఉప్పల్ సినిమా హాల్లో హైమావతి తన పేరు కోసం చివరిదాకా కూర్చుంది. భోజనాలు పెట్టినవారి పేరు కింద 'సహకారం: హైమావతి' అని వచ్చేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. "ఎట్లయితేంది, పడ్డది గద" అన్నాడు ఉమామహేశ్వర్. "ఇగ పోదాం పా, అమ్మకు ఆకలైతది."

స్నిగ్ధ సైనిక్‌పురిలో బడికి మారాక ఒక సాయంత్రం అంది. "పేరెంట్స్ మీటింగుకి డాడీని పంపు మమ్మీ. నువ్వొద్దు."

"ఎందుకే?"

"నువ్వు మాట్లాడితే మా క్లాసులో అందరూ 'నేనేం జేసిన సారూ' అంటారు."

స్నిగ్ధకు ఆ మాట ఎవరు రాశారో తెలుసు. తెలిసే అంది, పాపం, కోపంతో కాదు, సిగ్గుతో. హైమావతి బియ్యంలో రాళ్ళేరుతూ ఉండిపోయింది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ ఏరింది. ఆ మాట ఆమెకు ఎక్కడ దొరికిందో స్టూడియోలో ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడుక్కోలేదు. అది వాళ్ళమ్మ మాట. ఘట్‌కేసర్‌లో పుట్టింట్లో గిన్నె జారి చప్పుడైతే, లోపలి గదిలోంచి తండ్రి లేచి వచ్చేలోపు అమ్మ గబగబా అనే మాట. సారూ అనేది కాదు, అయ్యా అనేది. అప్పుడెవరూ నవ్వలేదు. పిల్లలంతా ఊపిరి బిగబట్టి ఆ చెయ్యి లేస్తుందా లేదా అని చూసేవాళ్ళు. ఆ భయాన్ని తాను తీసుకెళ్ళి నాచారంలో ఇచ్చి వచ్చింది. వాళ్ళు దానికి ఒక పళ్ళెం చప్పుడు కలిపారు. దొంగ కథలో ఇల్లాలిని గయ్యాళిని చేసింది తనే, అమ్మ నెత్తిన పళ్ళెం పడనిచ్చింది తనే, ఇప్పుడు ఆ పళ్ళెం దొర్లుకుంటూ వచ్చి కూతురి బడిలో మోగుతోంది. నవ్వు ఎక్కడ పుట్టిందన్నది ఒక లెక్క, ఎవరి నెత్తిన పడిందన్నది ఇంకో లెక్క. ఇన్నాళ్ళూ తాను మొదటిదే చూసుకుంది.

తర్వాతి సినిమాకు విజయభాస్కర్ పిలిచినప్పుడు ఆమె చెప్పేసింది. "ఈసారి మా మాట డాక్టరమ్మకు పెడత సార్. పనిమనిషి మీ మాట మాట్లాడనియ్యిండ్రి."

"డాక్టరమ్మ అలా మాట్లాడితే జనం నవ్వుతారండీ."

"నవ్వియ్యనీకే గద సార్ నన్ను పిలిచింది."

ఆయన నిజంగానే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మీరన్నది న్యాయమేనమ్మా. నిర్మాతకి చెప్పటం నా వల్ల కాదు" అన్నాడు. మళ్ళీ కబురు రాలేదు. "అన్నం బెట్టిన సినిమా మీద అలిగినవ్" అన్నాడు ఉమామహేశ్వర్. అలిగినవాళ్ళు తిరిగి వస్తారని అతని నమ్మకం. హైమావతి వెళ్ళలేదు.

రెండువేల తొమ్మిది చలికాలంలో తెలంగాణ ఉద్యమం వీధుల్లోకి పొంగింది. హైమావతి కూడా వీధిలోకి వచ్చింది. ఒక ఉప్పలాయన తన సొంతూళ్ళో పని జరగాలంటే దుబాసీని పెట్టుకోవలసి వచ్చే నాటకం రాసింది. తిట్టు లేదు, కొట్టు లేదు. ఆయన మాట్లాడినది ఆఫీసరుకు అర్థం కాదు, దుబాసీ తప్పు చెబుతాడు, ఆయన నల్లా అడిగితే పెళ్ళి సర్టిఫికెట్ వస్తుంది. ఈసారి నవ్వు కుర్చీ ఉన్నవాడి నెత్తిన పడింది. చెంగిచెర్లలో నాటకం ఆపటానికి వచ్చిన పోలీసులు లాఠీలు చంకలో ఇరికించుకుని చప్పట్లు కొట్టారట, వెళ్ళేటప్పుడు లాఠీలు మర్చిపోయారట. విజయభాస్కర్ కూడా ఒకసారి వచ్చి జనం వెనక నిలబడి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, "ఇది నాకెందుకు రాయలేదమ్మా" అని అడిగి మరీ వెళ్ళాడు. ఆమె పేరు ఇప్పుడు గోడల మీద ఒంటరిగా ఉంది, దంపతులు లేకుండా. ఉమామహేశ్వర్ స్థానిక జేఏసీకి కార్యదర్శి అయ్యాడు. "మా హైమ రాసిందే" అని ప్రతి మీటింగులోనూ చెప్పుకునేవాడు. ఆ గర్వం అబద్ధం కాదు. ఇంటికొచ్చాక "చాయ్ పెట్టు, పదిమంది వస్తున్నరు" అనటం కూడా అబద్ధం కాదు.

రెండువేల పదకొండు ఎండాకాలం చివర 'వంటా వార్పు' పిలుపు వచ్చింది. రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తిని బండ్లను ఆపేయటం. ఉప్పల్ రింగురోడ్డు వీళ్ళ వాటాకు వచ్చింది. హైమావతి ఇంటి హాల్లోనే కూర్చుని పనులు పంచుకున్నారు. కన్వీనర్ చంద్రయ్య రిటైరైన పంతులు, అందరికీ పెద్దదిక్కు. "మైకు, జెండాలు, ఉపన్యాసాలు మేం సూసుకుంటం. వంట అక్కజెల్లెండ్లు సూసుకుంటరు. నాటకం హైమక్కది" అన్నాడు. హైమావతి టీ కప్పులు పంచుతూ వింది. రోడ్డు కొత్తది, పిలుపు కొత్తది. పొయ్యి ముందు మాత్రం పాత మనుషులే. ఇంట్లో వండితే ఇంటి పని, రోడ్డు మీద వండితే ఉద్యమం. రెండింట్లోనూ పొగ ఒకే కళ్ళలోకి పోతుంది. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు వచ్చిందంటే నాటకం పుట్టిందని అర్థం.

నాటకమంతా వాళ్ళకు నచ్చింది, ఆఖరి సీను దాకా. ఆఖరి సీన్లో ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటారు. మగవాళ్ళు వండుతారు. ప్రధాన వేషాలు ఉమామహేశ్వర్, చంద్రయ్యలవి. రిహార్సల్లో చంద్రయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇదేంది హైమక్కా, మమ్మల్నే నవ్వులపాలు జేస్తివి."

"ఇన్నొద్దులు వేరేటోళ్ళ మీద రాస్తే నవ్వితిరి గదనే."

"అది వేరు. టీవీలోళ్ళు వస్తరు. గీ సీను ఉంటే మేం ఆడం తల్లీ."

ఉమామహేశ్వర్ ఆమెను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు. "ఇజ్జత్ పోతది హైమా. ముందు రాష్ట్రం రానీ. ఆడోళ్ళ ముచ్చట తర్వాత రాద్దువు. గా సీను తీసెయ్."

తీసెయ్. మార్చు. జర గయ్యాళిని జెయ్యి. ఇన్నేళ్ళుగా ఆమె రాసిన ప్రతిదానికీ ఎవరో ఒకరు చెయ్యి పెట్టారు, ఆమె పెట్టనిచ్చింది. దొంగ నాటకానికి మొగుడు, సినిమాకు డైరెక్టరు. ఇప్పుడు తనవాళ్ళు, తన భాష మాట్లాడేవాళ్ళు, తాను ప్రేమించే పనిలో ఉన్నవాళ్ళు. అందుకే ఇది అన్నిటికన్నా కష్టంగా ఉంది. ఒక్క సీను. తీసేస్తే నాటకం ఉంటుంది, తాను రాసింది ఉండదు. మూలన చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్తగారు అప్పుడు తలెత్తింది.

"ఆ సీన్ల ఆడోళ్ళు ఎంతసేపు కూసుంటరు?"

"వంటయ్యేదాంక అత్తమ్మా."

అత్తగారు మళ్ళీ చిక్కుళ్ళలోకి తల వంచింది. "నేను గూడ ఏస్త ఆ ఏషం" అంది.

హైమావతి హాల్లోకి వెళ్ళి, "నాటకం వద్దులే అన్నా" అంది. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఆ రోజు రింగురోడ్డు మీద బస్సులు వరంగల్ వైపు వరుసగా ఆగిపోయాయి. గుండిగల కింద కట్టెలు అంటుకున్నాయి, ఎసరు మరుగుతోంది. ఉపన్యాసాల మధ్య చంద్రయ్య మైకు ఇచ్చి "హైమక్క రెండు మాటలు మాట్లాడతది" అన్నాడు.

"ఇయ్యాల నాటకం లేదు" అంది హైమావతి. "నటులు దొరకలే."

జనం నవ్వారు.

"ఆఖరి సీను ఒక్కటే ఉంది. అండ్ల ఆడోళ్ళ ఏషం ఏందంటే, కూసునుడు. మాటల్లేవు, ఎవ్వరన్న ఏయొచ్చు. రాన్రి."

అప్పుడు హైమావతి అత్తగారు చేతులు కొంగుకు తుడుచుకుని, వేదిక మీది నాయకుల కుర్చీల్లో మధ్యదానిలో కూర్చుంది. హైమావతి మైకు పెట్టేసి ఆమె పక్క కుర్చీలో కూర్చుంది. వాళ్ళ వెనక ఒకరు, ఇద్దరు, ఆ తర్వాత గుంపుగా. కుర్చీలు చాలకపోతే రోడ్డు మీద చాపలు పరుచుకున్నారు. బియ్యం కడుగుతున్నవాళ్ళు బియ్యం వదిలి లేచారు. ఆగిన బస్సుల్లోంచి ఆడవాళ్ళు దిగి వచ్చి వీళ్ళ పక్కన సర్దుకున్నారు. జనం నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు. టీవీ కెమెరాలు కుర్చీల మీంచి పొయ్యిల మీదికి తిరిగాయి. అక్కడ ఎసరు పొంగుతోంది, మనిషి లేడు.

ముందు చంద్రయ్యే పంచె ఎగ్గట్టాడు. ఆయన వెనక ఉమామహేశ్వర్ గరిటె అందుకున్నాడు. ఆ రోజు వండిన సాంబారులో గరిటె నిలబెడితే గంట దాకా పడలేదంటారు. పప్పు మాడిన వాసనకు సైనిక్‌పురిలో కుక్కలు మొరిగాయంటారు. రాష్ట్రం వచ్చి, రెండువేల పద్నాలుగులో ఆమెకు శాలువాలు కప్పిన సభల్లో కూడా జనం ముందుగా అడిగింది ఆ సాంబారు సంగతే. నవ్వుతూనే అడిగారు, మగవాళ్ళు కూడా.

అయితే అదంతా తర్వాత. అప్పుడు మాత్రం ఉమామహేశ్వర్ చెమటతో, పొగకు ఎర్రబడ్డ కళ్ళతో ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు. అతని మొహంలో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే తెలియనివాడి మొహం.

"హైమా, ఉప్పు ఎంత ఎయ్యాలె?"

నటుడికి మాట అందకపోతే తెర పక్కనుంచి అందించటం నాటకం రాసేవాళ్ళకు ఊపిరి తీసుకోవటం లాంటిది. జవాబు ఆమె నాలుక చివరికి వచ్చింది. ఇంతమందికి ఇన్ని గుప్పిళ్ళని చూడకుండానే చెప్పగలదు. అతను ఎదురుచూస్తున్నాడు. వెనక గుండిగ కుతకుతలాడుతోంది.

హైమావతి చెప్పలేదు. అత్తగారు చెప్పబోతుంటే, ఆమె మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.