సీసాకు కట్టిన దారం

సీసా ఒళ్లంతా చెమట.

ఫ్రిజ్ తలుపు తీస్తే అదే ముందు కనిపిస్తుంది. గాజు మీద సన్నటి మంచు పొర. పొర వెనక ఎర్రటి నీళ్లు. నీళ్లలో మెత్తబడిన మందార రేకులు...

పొర మీద అడ్డంగా ఒక గీత.

వేలితో గీసినట్టు.

చిన్న వేలితో.

ఆ గీత తర్వాత వచ్చింది. ముందు సీసాలొచ్చాయి.

ఎండలు ముదిరే వేళకు చిన్నది తెచ్చింది ఈ పద్ధతి. చిన్నదంటే నా చిన్న కూతురు. లాండ్రీలో ఇస్త్రీ పని. రోజంతా ఆవిరిలో నిలబడి, కందిపోయిన మొహంతో ఇల్లు చేరుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నాడు డాక్టరు. నెలాఖరున ఆపరేషన్. అందాకా నూనె తగ్గించమన్నాడు, పాలు తగ్గించమన్నాడు. పాల టీ పోయి సీసాలు వచ్చాయి.

పొద్దున్నే చన్నీళ్లలో ఆకులో పూలో వేయాలి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. సాయంత్రం వడగట్టుకుని తాగాలి.

నిప్పు తగలదు.

"టీ అన్నాక మరగాలి కదే," అన్నాను.

"నేను మరుగుతున్నది చాల్లే అమ్మా. ఇక టీ కూడా ఎందుకు?" అంది.

నాకు భయం. మరగని నీళ్లంటే భయం. ఎండిన పూలంటే భయం. ఏ ఆకులో ఏ ఆకు కలిసిందో ఎవరు చూశారు? అందుకే అది తాగే ముందు నేను ఒక్క చెంచా తాగుతాను. తాగి వంద లెక్కపెడతాను. నాకేమీ కాకపోతే గ్లాసు దాని చేతికిస్తాను. దాని పాలసీసా నాటి నుంచీ ఇదే వరస.

"విషమైతే తొంభై తొమ్మిది దగ్గర ఆగిపో. నాకు అర్థమైపోతుంది," అని నవ్వుతుంది.

అది నవ్వుతుంది. నేను లెక్కపెడతాను.

మొదటి రోజు నిమ్మగడ్డి. సాయంత్రం చూస్తే సీసా కాస్త వెలితి.

"చెంచా చెంచా అంటూ గ్లాసు లాగించావా?"

"నేను ముట్టలేదే."

"తాగితే తాగావులే. దానికీ అబద్ధమా?"

రెండో రోజు పుదీనా. మళ్లీ వెలితి.

పగలంతా ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు గడియ వేసుకుని, కిటికీ దగ్గర కూర్చుని, దుకాణం వాళ్లిచ్చిన చొక్కాలకు గుండీలు కుడతాను. చేతిలో ఎప్పుడూ దారం ఉంటుంది. మూడో రోజు మళ్లీ పుదీనా వేసి, నీళ్లు ఎంతవరకున్నాయో అంతవరకు చూసి, సీసా చుట్టూ దారం కట్టాను. గుండీకి వేసే ముడి. ఊడదు.

సాయంత్రానికి నీళ్లు దారం కిందికి దిగాయి.

ఒక్క చెంచా మేర.

వంటగట్టు మీద చెంచా తడిగా ఉంది.

నాలుగో రోజు చామంతి. కొంచెం చేదు. ఆ రోజు నీళ్లు దారం దగ్గరే ఉన్నాయి. చెంచా పొడిగా ఉంది.

అప్పుడు తెలిసింది. తెలిసినా మనసులో కూడా ఆ మాట అనుకోలేదు.

పెద్దదానికి చేదు గిట్టదు.

పెద్దదంటే నా మొదటి కూతురు. ఆరేళ్లది. అప్పుడూ ఇలాంటి ఎండలే. కడుపునొప్పని తీసుకెళ్తే ఆపరేషన్ అన్నారు. నోట్లో చుక్క నీళ్లు పడినా ప్రాణానికి ముప్పంది నర్సు. నేను భయస్తురాలిని. ఆ మాట దాటలేదు.

"అమ్మా... ఒక్క చెంచా."

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే మాట.

"ఒక్క చెంచా అమ్మా..."

ఇవ్వలేదు.

వరండాలోకి వెళ్లి, కుళాయి కింద దోసిలి పట్టి, నేను మాత్రం తాగాను. చిన్నది అప్పుడు నా కడుపులో ఉంది. దాని కోసమని తాగాను. కడుపునిండా తాగాను. తిరిగొస్తే పెద్దది నా తడి పెదాల వంక చూసింది. ఇక అడగలేదు.

లోపలికి తీసుకెళ్లారు.

మళ్లీ నాతో మాట్లాడలేదు... ఎవరితోనూ మాట్లాడలేదు.

అక్క జ్వరంతో పోయిందని చిన్నదానికి చెప్పాను. చెంచా సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఐదో రోజు చామంతిలో తేనె కలిపాను.

నీళ్లు దారం కిందికి దిగాయి.

ఆ తర్వాత రోజుకో రకం. సోంపు ఇష్టం. అల్లం ముట్టలేదు. మందారం... మందారమైతే సగానికి సగం. మంచు పొర మీద గీత కనిపించింది కూడా ఆ రోజే. నేను దాని పక్కన నా వేలు పెట్టి చూశాను. నా వేలు రెండింతలుంది.

తాగుతున్న కొద్దీ దానికి దాహం తీరుతోందా... పెరుగుతోందా?

ఇన్నేళ్లు ఊరుకున్నది, చెల్లెలి ఆపరేషన్ ముందే ఎందుకొచ్చింది? తన వంతు నీళ్లు తాగి పుట్టినదాన్ని వెంట తీసుకుపోవడానికా?

"ఎండలు తగ్గాక చేయించుకోవచ్చు కదే," అన్నాను.

"రెండుసార్లు వాయిదా వేయించావు. ఇంకోసారంటే లోపల రాళ్లు సంసారం పెట్టి పిల్లల్ని కంటాయి."



ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారాక చుక్క నీళ్లు తాగకూడదన్నారు. చిన్నది నాకు వీపు పెట్టి బట్టలు సర్దుకుంటోంది.

"అమ్మా... ఒక్క చెంచా."

చేతిలో సంచి జారిపోయింది.

"ఏమన్నావే?"

"నేనేమన్నాను? పద, ఆటో వచ్చింది."

దాన్ని ముందు నడవమని నేను వెనక్కి తిరిగాను. మందార నీళ్లు గ్లాసులో పోశాను. తేనె కలిపాను. గ్లాసు చుట్టూ దారం కట్టాను. ఆరేళ్ల పిల్లకు అందేంత ఎత్తున, పొట్టి పీట మీద పెట్టాను. పక్కన చెంచా.

"తాగు తల్లీ. ఎంత కావాలంటే అంత తాగు. చెల్లిని మాత్రం అడగకు."

తలుపుకు తాళం వేశాను.

ఆసుపత్రి వరండాలో కుళాయి ఉంది. ఏ వరండాలోనైనా ఉంటుంది. నేను దాని వైపు చూడలేదు. నాలుక పిడచ కట్టింది. కట్టనీ. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నేను వంద లెక్కపెట్టాను. మళ్లీ వంద. మళ్లీ...

మధ్యాహ్నం దాటాక నర్సు వచ్చింది.

"అయిపోయిందమ్మా. బాగానే ఉంది. దగ్గరికెళ్లండి. నీళ్లు మాత్రం ఇప్పుడే ఇవ్వకండి."

దగ్గరికెళ్లాను.

చిన్నదాని పెదాలు ఎర్రగా ఉన్నాయి.

తడిగా ఉన్నాయి.

నర్సు దూదితో తుడిచింది. దూదికి గులాబీ రంగు అంటింది. "రక్తం కాదులెండి. లిప్‌స్టిక్ వేసుకోవద్దని చెప్పాం కదా," అని విసుక్కుంది.

చిన్నది కళ్లు తెరవకుండానే గొణిగింది.

"చల్లగా ఉందమ్మా... తియ్యగా. ఎవరు ఆ పిల్ల?"

"ఏ పిల్ల?"

"ముందు తను ఒక్క చెంచా తాగింది. తర్వాత లెక్కపెట్టింది. అచ్చం నీలాగే... అప్పుడు నాకిచ్చింది."

"మత్తులో అందరూ ఏదో ఒకటి చెబుతారు," అంది నర్సు.

నేను చిన్నదాని చెవి దగ్గరికి వంగాను.

"ఎంతదాకా లెక్కపెట్టింది తల్లీ?"



"తొంభై తొమ్మిది..." అంది. "అక్కడ ఆగి నా వంక చూసింది."

మళ్లీ నిద్రలోకి జారింది. నర్సు నాడి చూసింది. బాగానే ఉందంది. ఇంటికెళ్లి మార్చుకునే బట్టలు తెమ్మంది.

పొద్దు వాలుతుండగా తాళం తీశాను. పగలంతా మూసి ఉన్న ఇల్లు. పొయ్యిలా ఉంది. కుట్టాల్సిన చొక్కాలు కిటికీ కింద అలాగే ఉన్నాయి.

పీట మీద గ్లాసు ఉంది. నీళ్లు దారం దగ్గరే ఉన్నాయి. వెంట్రుకవాసి కూడా దిగలేదు.

చెంచా లేదు.

పీట కింద వెతికాను. గట్టు మీద వెతికాను. లేదు.

నేల మీద కూలబడ్డాను. ఆరేళ్ల పిల్లంత ఎత్తుకు వచ్చాను. అప్పుడు కనిపించింది.

గ్లాసు ఒళ్లంతా చెమట.

ఇంత ఉక్కలో, ఇన్ని గంటల తర్వాత, ఇప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు...

సన్నటి మంచు పొర మీద, అడ్డంగా, ఒక గీత.

చూస్తుండగా దాని చివర నుంచి ఒక చుక్క కిందికి జారింది.