ముందు చక్రం

సురేందర్ సైకిల్ పందేల్లో చివరి పరుగు వీరుడు. దారంతా గుంపులో ఒదిగి ఉండి, ముగింపు గీత కనబడే వేళ దూసుకుపోయి గెలవడం అతని పని. అంతదాకా ముందుండి, గాలిని తన ఒంటితో ఆపుతూ తీసుకొచ్చేవాడు శశిధర్. సురేందర్ తల వంచి శశిధర్ చక్రాన్నే చూస్తూ తొక్కేవాడు. రోడ్డు చూసే పని శశిధర్‌ది.

"నీ పెండ్లాన్ని గూడ గింత గనం సూడలే నువ్వు" అని శశిధర్ ఏడిపించేవాడు.

వేసవిలో వేములపల్లి దగ్గర సాధన చేస్తుండగా శశిధర్ పోయాడు. రోడ్డు మీద ఆరబోసిన వడ్లను ఎత్తి తీసుకెళ్లిన రైతులు చుట్టూ పెట్టిన రాళ్లు తీయడం మరిచారు. శశిధర్ ముందు చక్రం రాయికి తగిలింది. వెనకే వస్తున్న సురేందర్‌కు భుజం విరిగింది. ఆ రైతులను అతను ఒక్క మాట అనలేదు. చిన్నతనంలో తల్లి సారమ్మతో కూలికి పోయి తనూ అలాంటి రాళ్లే పేర్చాడు. ఎన్నిసార్లు తీయకుండా ఇంటికొచ్చాడో గుర్తు లేదు.

భుజం అతికింది. తల మాత్రం వంగలేదు. శశిధర్ స్థానంలోకి కార్తీక్ వచ్చాడు, బలమైనవాడు. అయినా గీత దగ్గరపడగానే సురేందర్ తల పైకి లేచేది, కాళ్లు ఆగేవి. సూర్యాపేట నుంచి కోదాడ మీదుగా మిర్యాలగూడకు జరిగే పందెంలోనూ ఇంతే అయితే ఇక జట్టులో ఉంచుకోలేమని మేనేజర్ మెల్లగానే చెప్పాడు.

మిర్యాలగూడ రైసుమిల్లులు కనబడగానే కార్తీక్ వేగం పెంచాడు. సురేందర్ వెనక చేరి తల వంచాడు. ఒక్క క్షణం పాత రోజుల్లాగే ఉంది. అంతలో తల దానంతటదే లేచింది. రోడ్డు శుభ్రంగా ఉంది, పొద్దున్నే ఊడ్పించారు. అయినా అతని కళ్లు రోడ్డు అంచునే వెతుకుతున్నాయి.

ఇక వంగదని తెలిసిపోయింది. పక్కకు జరిగి కార్తీక్‌ను దాటాడు.

"నువ్వెందుకు ముందటికొచ్చినవ్ అన్నా? ఎన్కకు పో."

"నా చక్రం పట్టుకో. తల వంచు. తొవ్వ నేను సూస్తా."

గాలి రొమ్ముకు కొట్టింది. శశిధర్ ఇన్నేళ్లూ మోసింది దీన్నే. కాళ్లలో సత్తువ అయిపోయేదాకా తొక్కి సురేందర్ పక్కకు తప్పుకున్నాడు. కార్తీక్ దూసుకుపోయాడు. తర్వాత మిగతావాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు.

కార్తీక్ రెండోవాడిగా వచ్చాడు. గీత అవతల సైకిల్ మీద వాలిపోయి, గెలుపు జరంతలో పోయిందని గొణుగుతున్నాడు.

"ఆఖర్ల తల లేపినవ్" అన్నాడు సురేందర్, అతని వీపు మీద చేయి వేసి. "ఇగ లేపకు. ముందట నేనున్న గద."